మెట్టసీమ బిడ్డలు, మహావిద్యాలయ ద్వారములు

కృష్ణా జిల్లా అనగానే చాలమంది మనస్సున మెదలునది కాలువలు, వరిచేలు గల పల్లపు సీమ. నందిగామ, జగ్గయ్యపేట ప్రాంతము అట్టిది కాదు. ఇది మెట్ట. ప్రత్తి, మిరప, సుబాబులు ఇచ్చటి పంటలు. నేలలో సున్నపురాయి కలదు గనుక సిమెంటు కర్మాగారములు వెలసినవి. మునేరు, వైరా, పాలేరు వానకాలమున పొంగును, వేసవిలో ఇసుక తేలును. నాగార్జునసాగరపు ఎడమకాలువ నీరు ఎంతో దూరము నడచి వచ్చి గాని ఈ పొలములను తాకదు. కాలువ చివరి భూమికి నీరు ఆలస్యముగా చేరుననియు, కొన్ని యేండ్లు చేరకయే పోవుననియు ఇచ్చటి రైతులకు ఒకరు చెప్పనక్కరలేదు. చదువుల విషయమున వార్తకు కూడ ఇదే గతి పట్టుచున్నది. ఏ విద్యాలయమునకు ఏ పరీక్ష, దరఖాస్తు ఎన్నడు, ఏ పత్రము జతచేయవలెను అను వార్త నగరమున పుట్టి, మెట్టపల్లె చేరునప్పటికి గడువు దాటిపోవుచున్నది. దేశములోని మేటి విద్యాలయములలో మన బిడ్డలు ప్రవేశము పొందుటను గూర్చి నేడు నేను చెప్పదలచిన మాటలలో పెక్కు ఈ ఆలస్యము చుట్టును తిరుగునవే.

2022వ సంవత్సరము ఏప్రిల్ 4వ తేదీన జిల్లాలను విభజించినప్పుడు ఈ ప్రాంతము ఎన్.టి.ఆర్. జిల్లాలో చేరినది, నూజివీడు ఏలూరు జిల్లాకు పోయినది. జిల్లా పేరు మారినను మెట్ట మెట్టయే గనుక, నా ప్రసంగమున పాత పేరునే వాడుకొందును. శ్రోతలు మన్నింతురు గాక.

ఈ సీమలో మిరపకోతలు సంక్రాంతి దాటి ముమ్మరమగును. పదవ తరగతి పరీక్షలు మార్చి నెలలో వచ్చును. అనగా ఇల్లంతయు చేనిలో నున్న దినములలోనే బిడ్డ పుస్తకము పట్టవలసి యున్నది. తల్లిదండ్రులు తెల్లవారకముందే కూలికి పోయిన యింట చిన్నవారిని కనిపెట్టి ఉండు భారము పెద్దపిల్లది. అట్టి యింటి బాలికను ఒకతెను ఊహింపుడు. చందర్లపాడు మండలమున ఒక జిల్లా పరిషత్తు ఉన్నత పాఠశాలలో చదివినది. ఆరువందలకు 570 మార్కులు వచ్చినవి. తండ్రి కౌలురైతు. ఫలితములు వచ్చిన మరునాడు ఆయన ప్రధానోపాధ్యాయుని యెదుట నిలిచి, "మేస్టారూ, అమ్మాయిని బెజవాడ హాస్టల్లో వెయ్యమంటున్నాడు మా బామ్మరిది. అప్పు పుట్టుద్ది. వెయ్యమంటారా, తమరేమంటారు?" అని అడుగును. ఇట్టి ప్రశ్నలు ప్రతి వేసవిలోను ఈ ప్రాంతమున ఎన్ని వందలుగా అడుగబడుచున్నవో! సమాధానము చెప్పవలసిన ఆ పెద్దమనిషికి సర్వము తెలిసి యున్న సరే. తెలియనిచో బామ్మరిది మాటయే చెల్లును.

మేటి విద్యాలయములు అడిగినవారినెల్ల చేర్చుకొనకపోవుట నేటి వింత కాదు. ఏడవ శతాబ్దమున చీనా దేశమునుండి వచ్చిన హ్యూన్‌త్సాంగు నాలందా విహారమున ద్వారపాలకుడే పండితుడై యుండెననియు, లోనికి రాగోరు పరదేశీయులను ఆతడు కఠినమైన ప్రశ్నలడిగెడివాడనియు, పదిమందిలో ఏడెనిమిదిమంది సమాధానము చెప్పలేక వెనుదిరిగెడివారనియు వ్రాసినాడు. ఆ యాత్రికుడే మన ధాన్యకటకమునకు వచ్చి కొన్ని నెలలు నిలిచి, ఇచ్చటి భిక్షువులతో కలిసి శాస్త్రములు చదివినాడు. అప్పటికి ఈ మెట్ట విద్యకు దూరమైన నేల కాదు. జగ్గయ్యపేట చెంతనున్న ధనంబోడు మీద బర్జెస్ దొర 1882లో త్రవ్వించిన స్తూపమున ఇక్ష్వాకు రాజైన వీరపురుషదత్తుని ఇరువదవ పాలన సంవత్సరపు శాసనము దొరకినది. అచ్చటనే, కొన్ని శతాబ్దముల తరువాతి లిపిలో, నాగార్జునాచార్యుని శిష్యుని శిష్యుడు బుద్ధ ప్రతిమను నిలిపినట్లు చెప్పు శాసనమును కలదు. బేతవోలు అను పల్లె వాసిరెడ్డి వేంకటాద్రినాయుని కాలమున ఆయన తండ్రి పేర జగ్గయ్యపేటయగుటకు వెయ్యేండ్లకు ముందే ఇచ్చట గురుశిష్య పరంపర యొకటి ఉండెనని దీనివలన తెలియుచున్నది.

నాలందా ద్వారమున పదిమందిలో ఇద్దరు ముగ్గురు నెగ్గిరి. నేటి ఐ.ఐ.టి. ద్వారము లెక్క వేరు. 2024లో జె.ఇ.ఇ. మెయిన్ అను తొలి పరీక్షను దేశమున సుమారు 14 లక్షలమంది వ్రాసిరి. వారిలో పై రెండున్నర లక్షలమంది శ్రేణికి మాత్రమే అడ్వాన్స్‌డ్ అను రెండవ పరీక్షకు అర్హత. దానిని రెండు పత్రములును పూర్తిగా వ్రాసినవారు 1,80,200 మంది. ఉత్తీర్ణులు 48,248 మంది. ఐ.ఐ.టి.లన్నిటను ఆ యేడు స్థానములు 17,740. తొలి పరీక్ష వ్రాసినవారిలో దాదాపు ఎనుబదిమందికి ఒకరు! ఈ పరీక్షను వరుసగా రెండేండ్లలో రెండు పర్యాయములు మాత్రమే వ్రాయనిత్తురు. ఇంత ఇరుకైన ద్వారమునకు వెలుపల నిలిచిపోయిన 79 మంది మందమతులని ఎవ్వరును అనలేరు. అట్లనియే మన సమాజము వారిని చూచుచున్నది. ఆ మాట తరువాత చెప్పెదను.

ఇప్పుడు ఈ సీమతో సంబంధము గల ఒక మహనీయుని కథ చెప్పవలెను. సంఖ్యాశాస్త్రమున ప్రపంచమంతయు కొనియాడిన కల్యంపూడి రాధాకృష్ణారావుగారు 1920 సెప్టెంబరు 10వ తేదీన హూవిన హడగళిలో జన్మించిరి. పదిమంది సంతానములో ఎనిమిదవవారు. తండ్రిగారు పోలీసు శాఖలో ఇన్‌స్పెక్టరు గనుక బదిలీలు తప్పలేదు. ఆ బదిలీల వెంట బాలుని చదువు గూడూరు, నూజివీడు, నందిగామ, విశాఖపట్టణముల మీదుగా సాగినది. అవును, నందిగామ కూడ అందులో ఒకటి. తెల్లవారుజామున నాలుగు గంటలకు లేపి, నూనెదీపము వెలిగించి చదువుటకు కూర్చుండబెట్టిన తల్లిని ఆయన తన గ్రంథమొకదాని అంకితమున తలచుకొనిరి. 1940లో ఆంధ్ర విశ్వకళాపరిషత్తున గణితమున ఎం.ఏ. ప్రథమ శ్రేణిలో గడించిరి.

ఇంతవరకు కథ తిన్ననిదే. అటుపిమ్మట ఆయన అదే విశ్వకళాపరిషత్తున పరిశోధక విద్యార్థి వేతనమునకు దరఖాస్తు పెట్టిరి. అది గడువు దాటి చేరినదని త్రోసివేయబడినది. ప్రతిభ చాలక కాదు, మార్కులు చాలక కాదు. కాగితము ఆలస్యముగా చేరినది. ఉద్యోగము వెదకుకొనుచు సైనిక సర్వేశాఖలో గణితజ్ఞుని కొలువునకై కలకత్తా పోయిరి. అదియు దొరకలేదు. ఆయన బసచేసిన హోటలులో మరియొక దక్షిణాది యువకుడు ఉండెను. అతడు బొంబాయి ఉద్యోగి. ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్ అను సంస్థలో శిక్షణకై పంపబడినవాడు. మాటల నడుమ ఆ సంస్థ పేరు విని, అతని వెంట పోయి చూచి, 1941 జనవరిలో రావుగారు అచ్చట చేరిరి. కలకత్తా విశ్వవిద్యాలయమున సంఖ్యాశాస్త్రమున 1943లో ఎం.ఏ. పట్టము, 1945లో నేటికిని ఆయన పేరుతో వ్యవహరింపబడుచున్న సిద్ధాంతము, 1948లో కేంబ్రిడ్జి డాక్టరేటు. 2023లో, 102 ఏండ్ల ప్రాయమున, అంతర్జాతీయ సంఖ్యాశాస్త్ర పురస్కారము. ఆ యేడే ఆగస్టులో పరమపదించిరి.

ఈ కథ వినిన చాలమంది, ప్రతిభ యున్నవానికి త్రోవ తానే దొరకునని తీర్మానింతురు. నాకు అట్లు తోచదు. హోటలు గదిలో ఆ యువకుడు లేకున్న ఏమగును? వేతనము చేజార్చుకొని, హోటలు పరిచయము దొరకక, ఏ కచేరీలోనో గుమాస్తాగా జీవితము గడపిన గణితవేత్తలు మనకు ఎందరుండిరో చెప్పువారు లేరు. గడువు దాటిన దరఖాస్తు ఒకటి, అనుకోని పరిచయము ఒకటి: ఈ రెండిటి మీదనే అంత గొప్ప జీవితము ఊగినది. నందిగామ పాఠశాలలో నేడు కూర్చున్న బిడ్డకు రెండవదానిని మనము ఏర్పాటు చేయలేము. మొదటిది జరుగకుండ చూడగలము.

గడువు, పత్రము అను ఈ చిన్న విషయములను చదువుకొన్నవారు తేలికగా తీసికొందురు. ఒక ఉదాహరణ చెప్పెదను. మన రాష్ట్రమున వెనుకబడిన తరగతుల కుల ధ్రువపత్రము ఇంటింట ఉన్నది. ఐ.ఐ.టి. ప్రవేశమునకు అది పనికిరాదు. కేంద్రప్రభుత్వపు ఓ.బి.సి. జాబితా వేరు, నమూనా వేరు, సంపన్నశ్రేణికి చెందమని తెలుపు మాట అందుండవలెను, పైగా ఆ యేటి ఏప్రిల్ 1వ తేదీన గాని, ఆ తరువాత గాని ఇచ్చినదై యుండవలెను. రాష్ట్ర జాబితాలో నున్న కులములన్నియు కేంద్ర జాబితాలో నుండవు. ఆర్థికముగా బలహీన వర్గముల పత్రమునకును సంవత్సరపు పరిమితి కలదు. నగరపు కళాశాలలో ఈ పని చూచుటకు ఒక గుమాస్తా ఉండును. పల్లె బిడ్డ సచివాలయము చుట్టును, తహసీలుదారు కచేరీ చుట్టును తిరిగి, పాత పత్రమునే తీసికొనిపోయి, సరిచేసి ఇచ్చుటకు పెట్టిన గడువును దాటించినచో ఆ కోటా పోయి, సాధారణ శ్రేణిలో నిలువవలసి వచ్చును. రెండేండ్ల శ్రమకు కాగితము ముక్క అడ్డుపడుటకంటె దుఃఖము మరియొకటి లేదు.

రుసుము మాటయు అట్టిదే. "ఐ.ఐ.టి. మనబోటివారికి కాదు, లక్షలు కావలె" అని వెనుకకు తగ్గు తల్లిదండ్రులను ఇప్పటికిని చూచుచున్నాము. షెడ్యూల్డు కులముల, తెగల విద్యార్థులకును, వికలాంగులకును అచ్చట బోధనారుసుము లేదు. కుటుంబపు వార్షికాదాయము లక్షకు లోబడినవారెవ్వరికైనను లేదు. లక్షకును ఐదు లక్షలకును నడుమ నున్నవారు మూడింట ఒకవంతు చెల్లించిన చాలును. 2016 నుండి ఈ ఏర్పాటు అమలున నున్నది. భోజనము, వసతి ఖర్చులు వేరుగా ఉండును గాని, భయపెట్టునంత మొత్తమని అనుకొనుచున్నది మటుకు బోధనారుసుమే. ఈ సంగతి తెలియక ఇంటనే ఆగిపోయినవారిని ఏ పరీక్షయు లెక్కింపదు.

ఇక భాష. జె.ఇ.ఇ. మెయిన్ ప్రశ్నపత్రము 2021 నుండి తెలుగున కూడ వచ్చుచున్నది. వైద్యవిద్యకు సంబంధించిన నీట్ అంతకుముందే, 2017 నుండి తెలుగున జరుగుచున్నది. అడ్వాన్స్‌డ్ మాత్రము ఆంగ్లమునను హిందీలోను మాత్రమే. ఇది నాకు వింతగా తోచును. మెట్టు ఒకటి తెలుగులో ఎక్కనిచ్చి, రెండవ మెట్టున ఆ భాషను తీసివేయుట ఏమి న్యాయము? అయినను ఉన్న నియమము ఉన్నట్లే తెలిసికొని సిద్ధపడవలెను. తెలుగు మాధ్యమమున చదివిన బిడ్డకు అవకలనము, సమాకలనము, ద్రవ్యవేగము అను మాటలు తెలుసును. వాని ఆంగ్లనామములు తెలియవు. లెక్క చేయగలవాడు ప్రశ్న బోధపడక ఓడుట జరుగుచున్నది. ఇంటర్మీడియెట్ మొదటి దినముననే ఒక నోటుపుస్తకమున ఎడమవైపు తెలుగు పదము, కుడివైపు ఆంగ్ల పదము వ్రాసికొనుచు పోయిన, ఆరునెలలలో ఈ అడ్డంకి చాలవరకు తొలగును. ఖర్చు ఒక నోటుపుస్తకము.

బెజవాడ హాస్టళ్ల మాటకు వత్తము. ప్రవేశపరీక్షకు శిక్షణ యిచ్చుట మన తెలుగునాట ఒక ప్రత్యేక విద్యగా పెరిగినది. హైదరాబాదు నల్లకుంటలో చుక్కా రామయ్యగారు నడపిన శిక్షణాలయమున చేరుటకే ఒక ప్రవేశపరీక్ష ఉండెను. పరీక్షకు సిద్ధపడుటకు పరీక్ష! ఆయన గణితోపాధ్యాయులు. సూత్రములు వల్లెవేయించుటకంటె ఆలోచింపజేయుట ముఖ్యమని నమ్మినవారు. ఆ పిమ్మట ఈ వృత్తి కళాశాలల గొలుసులుగా మారి, విజయవాడ చుట్టుపట్ల పొలములలో అంతస్తుల వసతిగృహములు లేచినవి. అందు చదివి ఐ.ఐ.టి.లకు పోయినవారు వేలమంది కలరు. ఈ మాట దాచనక్కరలేదు. శ్రద్ధగల ఉపాధ్యాయులు, క్రమమైన అభ్యాసము, తోడి విద్యార్థుల పోటీ అచ్చట దొరకును.

కాని అప్పు తెచ్చి పంపు తండ్రి అడుగవలసిన ప్రశ్నలు కొన్ని కలవు. ఒకే పేరు గల కళాశాలలో విభాగములు పెక్కు ఉండును. ప్రకటనలలో కనబడు ర్యాంకులు ఏ విభాగమునుండి వచ్చినవి, తన బిడ్డను ఏ విభాగమున వేయుచున్నారు? ఎంతమంది చేరగా ఎంతమందికి స్థానము వచ్చినది? రోజునకు ఎన్ని గంటలు నిద్ర? ఆటస్థలము కలదా? బిడ్డ వచ్చెదనన్నప్పుడు ఇంటికి పంపుదురా? ఇవి అడుగుటకు సంకోచింపరాదు. విద్యార్థుల బలవన్మరణములను గూర్చి విచారించుటకు 2001లో ఆచార్య నీరదా రెడ్డిగారి సంఘమును, 2017లో ఆచార్య చక్రపాణిగారి సంఘమును ప్రభుత్వము నియమింపవలసి వచ్చినది. 2019 ఏప్రిల్‌లో తెలంగాణమున ఇంటర్మీడియెట్ ఫలితములు వెలువడిన దినములలో ఇరువదిమంది పైచిలుకు పిల్లలు ప్రాణములు తీసికొనిరి. ఎనుబదిమందికి ఒకరు నెగ్గు పరీక్షలో తక్కిన డెబ్బదితొమ్మండుగురను ఓడినవారని పిలిచిన ఇల్లు, బడి, వీధి ఈ పాపమున పాలు పంచుకొనకతప్పదు. బిడ్డ ఫోనులో "నాన్నా, నాకిక్కడ బాగలేదు" అనినచో, కట్టిన రుసుము సంగతి ఆలోచింపక ఆ రాత్రి బస్సుకే పోయి చూడవలెను.

ఆ చందర్లపాడు బాలిక తండ్రికి బెజవాడ తప్ప వేరు త్రోవ లేదా? కలదు, అది కూడ ఎంతో దూరమున లేదు. 2008లో గ్రామీణ బాలబాలికలకై శాసనము చేసి రాజీవ్‌గాంధీ వైజ్ఞానిక సాంకేతిక విశ్వవిద్యాలయమును స్థాపించిరి. జనులు దానిని ట్రిపుల్ ఐటి అందురు. బాసర, నూజివీడు, ఇడుపులపాయలలో తొలి ప్రాంగణములు వెలసినవి. ఒంగోలు, శ్రీకాకుళములలో 2016లో మరి రెండు. చిత్తూరు జిల్లా కాటూరు గ్రామమున పుట్టి, కంప్యూటరు శాస్త్రమున 1994లో ట్యూరింగు పురస్కారము పొందిన రాజ్‌రెడ్డిగారు మొదటి కులపతి. పదవ తరగతి ముగియగానే చేర్చుకొని, రెండేండ్లు ఇంటర్మీడియెట్ స్థాయి చదువును, నాలుగేండ్లు ఇంజనీరింగును అక్కడనే చెప్పుదురు. ఒక్కొక్క ప్రాంగణమున ఏటా వేయి స్థానములకు అటునిటుగా ఉండును.

నేను విశేషముగా చెప్పదలచినది దాని ఎంపిక పద్ధతిని గూర్చి. ప్రవేశపరీక్ష లేదు; పదవ తరగతి ఫలితమే ఆధారము. మహమ్మారి వలన పదవ తరగతి పరీక్షలు జరుగని 2020, 2021 సంవత్సరములలో మాత్రము ప్రత్యేక పరీక్ష పెట్టిరి. వసతి లేని ప్రభుత్వ పాఠశాలలలో, అనగా జిల్లా పరిషత్తు, పురపాలక పాఠశాలల వంటివానిలో చదివిన బిడ్డకు కొంత అదనపు విలువ చేర్తురు. గ్రేడుల కాలమున పదింటికి 0.4 పాయింటు, మార్కులు తిరిగి వచ్చిన పిమ్మట నూటికి నాలుగు. సమానులు వచ్చినచో మొదట గణితపు మార్కులు, పిమ్మట విజ్ఞానశాస్త్రపు మార్కులు చూచుచు పోయి, అప్పటికిని తేలకున్న వయస్సున పెద్దవారికి ఇత్తురు. మొదటి యత్నముననే ఉత్తీర్ణులై యుండవలెను.

ఈ అదనపు విలువను ఆక్షేపించువారు కలరు. మార్కు మార్కే గదా, ఒకరికి చేర్చి ఒకరికి చేర్చకపోవుట పక్షపాతము గదా అందురు. మిరపచేనినుండి వచ్చి, కరెంటు పోయిన గదిలో చదివి 570 తెచ్చుకొన్న బాలికయు, ప్రతి విషయమునకు వేరుగా ట్యూషను పెట్టించుకొని 580 తెచ్చుకొన్న బాలికయు ఒకే చోటినుండి బయలుదేరలేదు. చేరిన చోటును మాత్రము కొలిచి, నడచిన దూరమును కొలువకుండుటయే నాకు పక్షపాతముగా తోచును. మార్కులను మాత్రము చూచు పరీక్ష తండ్రి జేబును కూడ కొంత చూచుచునే యున్నది. నూటికి నాలుగు ఏపాటి? అది పెద్ద దానము కాదు. తక్కెడలో ముల్లును సరిచేయుట వంటిది.

ఇట్టి ఆలోచన మనకొక్కరికే కలుగలేదు. అమెరికాలో టెక్సస్ రాష్ట్రము 1997లో ఒక శాసనము చేసినది. ఆ రాష్ట్రమున ఏ ఉన్నత పాఠశాలలోనైనను, అది నగరపు సంపన్నుల బడియైనను సరిహద్దు పల్లెలోని పేదబడియైనను, తరగతిలో పై పదవవంతున నిలిచిన విద్యార్థికి రాష్ట్ర విశ్వవిద్యాలయమున ప్రవేశము ఈయవలెనని దాని సారము. ఆస్టిన్‌లోని ప్రధాన విశ్వవిద్యాలయమునకు తాకిడి పెరుగగా 2009లో దానికి పరిమితి విధించిరి గాని పద్ధతిని విడువలేదు. మన పొరుగున తమిళనాడు 2020లో ప్రభుత్వ పాఠశాలలలో చదివినవారికి వైద్యవిద్యా స్థానములలో నూటికి ఏడున్నర కేటాయించి, మరుసటి యేడు ఇంజనీరింగు మున్నగు చదువులకును దానిని విస్తరించినది. మన ప్రాంతపు ఇంటర్మీడియెట్ ప్రభుత్వ కళాశాలల బిడ్డల విషయమునను ఇట్టి యోచన చేయదగును.

నూజివీడు అంతయు పూలబాట అని చెప్పను. తెలుగు మాధ్యమమున చదివిన బిడ్డకు అచ్చట హఠాత్తుగా ఆంగ్లమున బోధన మొదలగును; తొలి ఆరునెలలు కష్టము. ఇల్లు విడిచిన దిగులు ఉండును. పదునైదేండ్ల ప్రాయమున ఆరేండ్ల చదువును నిర్ణయించుకొనుట చిన్న విషయము కాదు; వైద్యమో, న్యాయశాస్త్రమో, సాహిత్యమో చదువగోరు బిడ్డను ఇంజనీరింగునకు త్రోయరాదు. అయినను అప్పు లేకుండ, పరీక్ష మీద పరీక్ష లేకుండ తెరచియున్న ఈ తలుపును తెలియక విడుచుట వేరు, తెలిసి విడుచుట వేరు.

ఇంజనీరింగు చదువు ఒక్కటే విద్య అనుకొనుట కూడ మన ప్రాంతపు అలవాటైనది. రావుగారు చేరిన ఆ కలకత్తా సంస్థ నేటికిని బి.స్టాట్ చదువునకు తానే పరీక్ష పెట్టుకొనును. బోధనారుసుము లేదు, పైగా నెలనెల వేతనమిచ్చును. గణితమున నిజమైన ఇష్టము గల బిడ్డకు అది కాశీ వంటిది. శాస్త్రములయందు మక్కువ గలవారికి 2015లో స్థాపింపబడిన తిరుపతి ఐసర్ కలదు, దానికి జె.ఇ.ఇ.తో పనిలేని వేరు పరీక్ష. మద్రాసు ఐ.ఐ.టి. 2020 నుండి దత్తాంశశాస్త్రమున ఇంటర్నెట్ ద్వారా పట్టపు చదువు నడుపుచున్నది. నాలుగు వారముల పాఠములు చదివి అర్హత పరీక్ష నెగ్గినవారెవ్వరైనను చేరవచ్చును. డిగ్రీ చదువుచునే వత్సవాయిలో కూర్చుండి దానిని చదువుకొనవచ్చును. కేంద్రీయ విశ్వవిద్యాలయములకు 2022 నుండి జరుగుచున్న సి.యు.ఇ.టి. పరీక్షను తెలుగున వ్రాయవచ్చును.

ఇన్ని తలుపులు, ఇన్ని తేదీలు. ఇవన్నియు ఒక రైతు గుర్తుంచుకొనవలెననుట అన్యాయము. ప్రతి ఉన్నత పాఠశాలలోను ఒక ఉపాధ్యాయునికో, ఉపాధ్యాయురాలికో ఈ పని ఒప్పగింపవలెను. గ్రంథాలయములో పత్రికల ప్రక్కన ఒక నల్లబల్ల చాలును. ఆ నెలలో తెరచు దరఖాస్తులు, ముగియు గడువులు, కావలసిన పత్రములు దానిమీద వ్రాయవలెను. పెనుగంచిప్రోలు తిరునాళ్లకు బండ్లు కట్టు దినము ఊరందరికి తెలిసినట్లే ఈ దినములును ఊరికి తెలియవలెను. పట్టణములలో ఉద్యోగములు చేయుచున్న ఈ ప్రాంతపువారు పండుగకు వచ్చినప్పుడు తాము చదివిన బడికి ఒక పూట పోయి, తాము ఎట్లు చేరిరో చెప్పిన మరియు మేలు.

ఆ బల్ల మీద వ్రాయవలసినవి పదవ తరగతి తరువాతి విషయములు మాత్రమే కావు. ఎనిమిదవ తరగతిలో కేంద్రప్రభుత్వపు ప్రతిభా ఉపకారవేతన పరీక్ష కలదు. తల్లిదండ్రుల ఆదాయము మూడున్నర లక్షలకు మించని ప్రభుత్వ పాఠశాలల బిడ్డలు నెగ్గిన యెడల తొమ్మిదవ తరగతినుండి ఇంటర్మీడియెట్ వరకు ఏటా 12,000 రూపాయలు వచ్చును. అంతకుముందు, ఐదవ తరగతిలోనే నవోదయ పరీక్ష. నాటి కృష్ణా జిల్లాకు నవోదయ విద్యాలయము వేలేరున ఉన్నది. ఒక విద్యాలయమున ఆరవ తరగతిలో చేర్చుకొనునది 80 మంది వరకు. వారిలో నూటికి 75 వంతులు గ్రామీణులకు, మూడవవంతు తక్కువ కాకుండ బాలికలకు. దరఖాస్తునకు రుసుము లేదు. పరీక్ష తెలుగున వ్రాయవచ్చును. ఒక బిడ్డ దానిని ఒకే పర్యాయము వ్రాయనిత్తురు గనుక, ఐదవ తరగతి చెప్పు పంతులుగారు ఆ యేడు ఆ తేదీని మరువకుండ చూచుకొనవలెను.